రెండో పిలుపుకి

విదేశానికి నన్ను తీసుకెళ్ళింది మా అల్లుడు కాదు, రంగుల కంపెనీ. అల్లుడికి పెయింట్ల దుకాణం ఉంది. ఏడాదిలో ఇన్ని డబ్బాలు అమ్మితే కుటుంబంతో సహా ఐదు రోజులు విదేశం తిప్పుకొస్తామని కంపెనీవాళ్ళు ఆశపెట్టారు. అతను అమ్మాడు. ఆ ఏడు మా పేటలో సగం గోడలు అవసరం లేకపోయినా రంగు మార్చుకున్నాయి. ఆరుగురికి టిక్కెట్లు ఇచ్చారు. ఆరోది మా ఆవిడది. వాడుకోవడానికి ఆవిడ లేదు. పోయి అప్పటికి ఎనిమిది నెలలు.

నేను రానన్నాను. నువ్వు రాకపోతే నేనూ వెళ్ళనంది మా అమ్మాయి. తండ్రి మీద ప్రేమ అనుకునేంత అమాయకుణ్ణి కాను. అసలు సంగతి వేరే ఉంది.

వచ్చే నెల ఒకటో తారీఖున అమ్మాయి రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగానికి చేరాలి. ఇంటికొచ్చేసరికి ఏడవుతుంది. పిల్లల బడి మూడింటికే వదులుతారు. మా ఆవిడ ఉన్నప్పుడు పిల్లలిద్దరూ బడి నుంచి నేరుగా మా ఇంటికే వచ్చేవాళ్ళు. ఆవిడ పోయాక క్రెచ్‌లో వేశారు. ఒక గది, పదహారు మంది పిల్లలు, ఒక టీవీ. ఇప్పటిదాకా అమ్మాయి నాలుగింటికి వెళ్ళి తెచ్చుకునేది. ఇక ఏడు దాకా అక్కడే. పిల్లల్ని నా దగ్గరికి పంపితే బావుండునని నాకుంది. అడగలేదు. నోరు తెరిచి అడగడం నాకు రాదు. అమ్మాయే ఒకరోజు, "నీకు ఓపిక ఉంటుందా నాన్నా?" అంది. "ఏం, నాకేం రోగం?" అన్నాను. ఆమెకు కావలసిన జవాబు అది కాదు. "చూద్దాంలే" అంది. ఆ ఐదు రోజుల ప్రయాణమే ఆ చూడ్డం.

అనుమానించడంలో ఆమె తప్పు లేదు. బస్ డిపోలో ముప్పై నాలుగేళ్ళు బ్రేకుల సెక్షన్లో పనిచేశాను. బండి తెచ్చి నిలబెడితే కింద దూరి చూసి "కాదు" అనేవాణ్ణి. డ్రైవర్లు నాకు 'కాదు మేస్త్రీ' అని పేరు పెట్టారు. కాదు మేస్త్రీ ఔనన్న బండిలో కళ్ళు మూసుకుని ఘాటు దిగొచ్చు అనుకునేవాళ్ళు. ఇంట్లో కూడా అదే తీరు. కూరలో ఉప్పు కాదు, పిల్ల మార్కులు కాదు, పిల్ల తెచ్చుకున్న మొగుడు కాదు. అల్లుడి గురించి అప్పటిదాకా 'కాదు' తీసేయలేదు. అతను మాత్రం 'మామయ్యా' అంటూ పిలిచి నవ్వుతూనే ఉంటాడు. రంగులు అమ్మేవాడి నవ్వు, రెండు పూతలు వేసినా కింద ఏముందో తెలీదు.

మొదటి మూడు రోజులు ఏ మచ్చా లేకుండా గడిపాను. హోటల్లో అద్దం తలుపుని ఖాళీ అనుకుని ముక్కు గుద్దుకోవడం ఒక్కటే. దానికి మనవడు ఇంకా నవ్వుతున్నాడు. మనవడికి నాలుగేళ్ళు, పిలవడం బుడంకాయ అని. మనవరాలికి ఏడు. అందరికీ ఆర్డర్లు వేస్తుంది కాబట్టి కలెక్టరమ్మ.

నాలుగో రోజు పిల్లల్ని పార్కుకి తీసుకెళ్ళాం. ఊరంత పార్కు. సిమెంటుతో చేసిన కొండలు, రేకుతో చేసిన చెట్లు, ప్రతి స్తంభానికీ ఒక స్పీకరు, అందులోంచి ఆగని పాట. నేల మీద చిత్తు కాగితం లేదు. మాడిన పంచదార వాసన. సంతోషపడటానికి అంత మంది వరసల్లో నిలబడటం నేను అంతకుముందు చూళ్ళేదు. రేషను షాపు ముందు నిలబడతారు, కానీ అక్కడ ఎవడూ నవ్వడు.

మధ్యాహ్నం దాకా పిల్లలవే ఎక్కించాం. తర్వాత మా అమ్మాయి తలెత్తి చూసింది. ఆకాశంలో పెద్ద పట్టాల బండి ఒకటి తలకిందులుగా పోతోంది. అందులోంచి జనం అరుపులు. చిన్నప్పుడు ఊళ్ళోకి ఎగ్జిబిషను వచ్చినప్పుడు రంగులరాట్నం ఎక్కుతానని ఏడిస్తే, ఆ రాట్నం బేరింగు బాగాలేదని ఈడ్చుకొచ్చాను. అది ఆమె మరిచిపోలేదు. ఆ సంగతి అనలేదు. చూస్తూ నిలబడింది, అంతే.

"వెళ్ళండి" అన్నాను. "పిల్లల్ని నేను చూస్తాను."

గంటకు పైగా వరస ఉందని, పిల్లలకి ఇంకొక్క రైలు మిగిలిందని, ఎక్కించి దింపి అక్కడే ఉండమని నాకు మూడుసార్లు చెప్పింది. ఫోన్లు, సంచులు ఆ బండిలోకి తీసుకెళ్ళనివ్వరు కాబట్టి పెట్టెలో పెట్టి తాళం వేస్తారట. అంటే గంటన్నర ఆమెకు నేను అందను, నాకు ఆమె అందదు. అల్లుడు వెళ్ళడానికి జంకుతున్నాడు. అది చూసి నాకు బాగానే అనిపించింది. అమ్మాయి అతన్ని పేరు పెట్టి పిలిచి చెయ్యి పట్టుకు లాక్కుపోయింది. మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం ఈ కాలం పద్ధతి. మా కాలంలో లేదు.

పిల్లల రైలుకీ గంట దగ్గర వరస. మా వంతు వచ్చేసరికి రైలు ఒక సిమెంటు కొండ ముందు ఆగి ఉంది. ఆకుపచ్చ గొంగళిపురుగు ఆకారం. కొండలోకి దూరి పోతుంది. ఎక్కించే ముందు నా అలవాటు కొద్దీ వంగి చక్రాలు చూశాను. ఆ వెనకాల కంచె పక్కన నీలం బట్టల్లో ఒకతను మోకాళ్ళ మీద కూర్చుని, పట్టా బోల్టుల మీద చిన్న సుత్తితో కొడుతూ చెవి వంచి వింటున్నాడు. ఒక్కొక్కటే. వదలకుండా. బిగిసిన బోల్టు ఖంగుమంటుంది, వదులైంది డొల్లగా పలుకుతుంది. యంత్రాలెన్ని వచ్చినా చెవిని మించింది లేదని నేను డిపోలో చెబితే కొత్త ఇంజినీర్లు నవ్వేవాళ్ళు. ఇంత దూరం వచ్చి, నా పని చేసే మనిషిని చూశాను. అతను తలెత్తాడు. నేను నా చెవి మీద వేలు పెట్టి చూపించాను. అతను తన చెవి మీద పెట్టి తలాడించాడు. ఆ రైలుకి ఔననేశాను.

పిల్లల్ని కూర్చోబెట్టాను. రైలు ఎక్కించే పార్కు పిల్ల నాతో ఏదో చెప్పింది, చెయ్యి కొండ చుట్టూ తిప్పి చూపించింది. ముక్క అర్థం కాలేదు. అర్థమైనట్టు తలాడించాను. తెలీదని ఒప్పుకోవడం కూడా నాకు రాని విద్యల్లో ఒకటి.

ఆమె చెప్పింది ఇదని తర్వాత తెలిసింది: ఎక్కేది ఇటు, దిగేది కొండకి అటువైపు, బొమ్మల కొట్టులోంచి బయటికి రావాలి, అక్కడ నిలబడండి. నాకేం తెలుసు? ముప్పై నాలుగేళ్ళు నేను చూసిన బస్సుల్లో ఎక్కిన తలుపులోంచే దిగుతారు. పోయినవాళ్ళు పోయిన దారినే వస్తారని గట్టుమీద నిలబడ్డ గొల్లవాడిలా అక్కడే నిలబడ్డాను.

రైలు వచ్చింది. ఖాళీగా వచ్చింది. వేరే పిల్లలు ఎక్కారు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఖాళీ. మూడోసారీ ఖాళీయే. కొండలోకి పోయిన పిల్లలు కొండలోనే ఉండిపోతున్నారు. కంచె దాటి లోపలికి పోబోయాను. ఆ పార్కు పిల్ల అడ్డం వచ్చింది. నేను తెలుగులో అరిచాను. ఆమె తన భాషలో మెల్లగా మాట్లాడింది. ఇద్దరం ఒకరికొకరం చెవిటివాళ్ళం. సుత్తి మనిషి లేచి వచ్చి నా మోచెయ్యి పట్టుకుని కొండ అటువైపు చూపించాడు. పరిగెత్తాను. బొమ్మల కొట్టు. వందమంది పిల్లలు. నా ఇద్దరు లేరు.

ఆ క్షణంలో నాకు ఒకటోతారీఖు గుర్తొచ్చిందని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. పిల్లలు ఎక్కడున్నారో తెలీదు, నా బుద్ధి మాత్రం 'ఇక వీళ్ళని నాకు ఇవ్వరు' అనుకుంది. తర్వాతే మిగతా భయాలన్నీ వచ్చాయి.

అప్పుడు పాట ఆగింది. స్తంభాల మీది స్పీకర్లన్నింట్లోంచి ఒక ఆడగొంతు ఏదో చెప్పింది. నాకు అర్థంకాని మాటల మధ్యలో ఒక్క మాట అర్థమైంది.

"మిస్టర్ ఏమండీ."

వెనక్కి తిరిగి చూశాను. ఎవరైనా తిరుగుతారు.

ముప్పై ఎనిమిదేళ్ళు నన్ను ఆ మాటతో ఒక్క మనిషే పిలిచింది. నా పేరు ఆవిడ నోట ఏనాడూ రాలేదు. ఓటరు లిస్టు వాళ్ళు వచ్చి మీ ఆయన పేరేంటమ్మా అంటే, వేలితో గోడ మీది ఫొటో కింది అక్షరాలు చూపించేది. ఎనిమిది నెలలుగా నన్ను నాన్నా అన్నారు, మామయ్యా అన్నారు, తాతా అన్నారు. ఏమండీ అన్నవాళ్ళు లేరు. ఇప్పుడు ఊరూపేరూ తెలీని ఆడమనిషి, తన నాలుకకు లొంగని ఆ మాటని జాగ్రత్తగా, గాజుగిన్నె పట్టుకున్నట్టు పలుకుతోంది.

నన్నే పిలుస్తున్నారని నాకు తెలిసిపోయింది. పిల్లలు ఎవరి దగ్గరో క్షేమంగా ఉన్నారని కూడా తెలిసింది. వెంటనే పోవాలి. పోలేదు. ఇంకోసారి పిలుస్తుందేమోనని నిలబడ్డాను. అబద్ధం చెప్పను, కావాలనే నిలబడ్డాను.

"మిస్టర్ ఏమండీ."

మా ఇంట్లో నాకొక లెక్క ఉండేది. ఒక్క పిలుపుకే పలికితే మగాడు పలచనైపోతాడు. మూడోసారి పిలిస్తేగానీ పలికేవాణ్ణి కాను. ఆవిడకీ అలవాటైపోయింది, మూడుసార్లు వరసగా పిలిచేసేది. పోయిన రోజు పొద్దున నేను వీధిలో కూర్చుని పక్కింటాయన స్కూటరుకి బ్రేకు కేబులు వేస్తున్నాను. లోపలినుంచి ఏమండీ అంది. కాసేపాగి మళ్ళీ అంది. మూడోది వస్తుందిలే అని నట్టు బిగిస్తూ కూర్చున్నాను. రాలేదు. పొయ్యి పక్కన గోడకి జారిపోయి ఉంది. ముందే చూసినా చెయ్యగలిగింది లేదని డాక్టరు అన్నాడు. డాక్టర్లు బతికున్నవాళ్ళ మొహం చూసి మాట్లాడతారు.

రెండుసార్లు. స్పీకరు కూడా రెండుసార్లు పిలిచి ఊరుకుంది.

"వస్తున్నా" అని అరిచాను. అంత జనంలో, ఆకాశంలోకి. ఎటు పోవాలో తెలీదు. మాట అన్ని స్తంభాల్లోంచీ వచ్చింది, ఏ స్తంభం దగ్గరికని పోను? అయినా పరిగెత్తాను. మోకాళ్ళు అరిగిన అరవై ఎనిమిదేళ్ళవాడు ఎంత పరిగెత్తగలడో అంత. వెనకనుంచి సుత్తి మనిషి పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుని ఎడమకి తిప్పాడు. మూలమీద పసుపుపచ్చ గది ఒకటి, గుమ్మం మీద పిల్లాడి బొమ్మ. అక్కడిదాకా తెచ్చి, నా భుజం తట్టి, తన పనికి పోయాడు. అతని పేరేంటో, ఏ దేవుడికి మొక్కుతాడో నాకు తెలీదు. చల్లగా ఉండాలి.

లోపల పొట్టి కుర్చీల్లో ఇద్దరూ కూర్చుని ఉన్నారు. బుడంకాయ బిస్కట్టు నాకుతున్నాడు. కలెక్టరమ్మ చేతులు కట్టుకుని నన్ను పైనుంచి కిందికి చూసింది.

"తాతా, ఎక్కడికెళ్ళావు? తప్పిపోయావు కదా."

"తప్పిపోయింది మీరే."

"మేం కాదు. మేం దిగాల్సిన చోటే దిగాం. నువ్వే లేవు. కొట్టు ఆంటీ మమ్మల్ని ఇక్కడికి తెచ్చింది. పొద్దున అమ్మ నాతో చెప్పింది, తాతని చూసుకోమ్మా, ఎటైనా వెళ్ళిపోతాడు అని."

పిల్లల్ని చూడమని నాకు, నన్ను చూడమని పిల్లకు. మా అమ్మాయి ముందుచూపు అది. కోపం రావాలి. రాలేదు.

బల్ల వెనక యాభై దాటిన మనిషి, నెరిసిన జుట్టు, కళ్ళద్దాలకు గొలుసు. ఆవిడదే ఆ గొంతు. తాత పేరు ఏమిటని పిల్లల్ని ఇంగ్లీషులో అడిగిందట. కలెక్టరమ్మకి నా పేరు తెలీదు. ఎలా తెలుస్తుంది, ఇంట్లో ఎవరూ పలకరు. ఆలోచిస్తుంటే బుడంకాయ, "ఏమండీ, తాత పేరు ఏమండీ, అమ్మమ్మ అలాగే పిలిచేది" అన్నాడట. స్పెల్లింగు మాత్రం కలెక్టరమ్మ చెప్పింది. ఇవన్నీ ఆ పిల్ల తర్వాత తన గొప్పగా చెప్పుకుంది.

ఆవిడ కాగితం చూసి, నా మొహం చూసి, అడుగుతున్నట్టు అంది. "మిస్టర్ ఏమండీ?"

"అవును" అన్నాను.

కాగితం ముందుకు జరిపింది, సంతకం పెట్టమని. పెట్టాను. చేతులు జోడించి దణ్ణం పెట్టాను. డిపోలో మేనేజరుకి కూడా అంత వంగి పెట్టలేదు. ఆవిడ కంగారుపడి తనూ చేతులు జోడించింది.

ఇంతలో మా అమ్మాయి వచ్చింది. జుట్టు రేగిపోయి, చెప్పు ఒకటి చేతిలో. వెనకాల అల్లుడు. గంటా పావు వరసలో నిలబడి, ఎక్కడానికి ఇంకో పదిమంది ఉన్నారనగా వదిలేసి వచ్చారు. అంత పెద్ద పార్కులో ఆ పిలుపు ఎవరి కోసమో అర్థమైంది వాళ్ళిద్దరికే.

పిల్లల్ని తడిమి చూసుకుంది. కలెక్టరమ్మ నివేదిక మొత్తం సమర్పించింది: రైలు, కొట్టు, స్పీకరు, తాత అరుచుకుంటూ పరిగెత్తడం. అమ్మాయి నా వైపు తిరిగింది. నేను ఏ సాకూ వెతకలేదు. దిగేచోటు వేరని నాకు చెప్పారని, అర్థం కాకపోయినా తలాడించానని చెప్పాను. అంతటితో ఆగొచ్చు. ఆగలేదు.

"మొదటిసారి పిలిచినప్పుడే వినపడింది" అన్నాను. "ఇంకోసారి వినాలని నిలబడ్డాను."

ఆమె చేతిలో చెప్పు నేల మీద పెట్టి కాలు దూర్చుకుంది.

"వరసలో నేనూ నిలబడిపోయాను నాన్నా. మొదటిసారి విని కదల్లేదు. ఆయనే కుదిపాడు."

ఆయన అంటే అల్లుడు. అల్లుడు గోడ మీది బొమ్మల్ని చాలా శ్రద్ధగా చూస్తున్నాడు.

"ఆ రోజు మీ అమ్మ రెండుసార్లు పిలిచింది" అన్నాను. ఎనిమిది నెలల్లో ఎవరితోనూ అనలేదు. "నేను వెళ్ళలేదు."

"తెలుసు" అంది. "పక్కింటాయన పదో రోజునే చెప్పాడు."

పదో రోజు నుంచీ తెలుసు. తెలిసే ప్రతి ఆదివారం వచ్చి నాకు వారానికి సరిపడా పొడులు కొట్టి పెట్టింది, నా బీపీ మాత్రలు డబ్బాలో గళ్ళ ప్రకారం సర్దింది, నేను రానంటే తనూ వెళ్ళనంది. నేనైతే? నేను అలాంటిది విని ఉంటే ఆ మనిషి గడప తొక్కేవాణ్ణి కాను. నా రక్తమే, నా గుణం ఒక్కటీ రాలేదు. ఎవరిది వచ్చిందో నాకు తెలుసు. ఆ పెంచినావిడకు ఒక్క రోజైనా బతికుండగా మెచ్చుకోలు చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను, చదవడానికి ఆవిడ లేదు. ఇది నేను నాకు మాఫీ చేసుకోను.

బల్ల వెనకావిడ మా మొహాలు చూసి ఏం గ్రహించిందో, ఒక పసుపు చీటీ రాసి మా అమ్మాయికిచ్చింది. వరసలో నిలబడకుండా నేరుగా వెళ్ళి పెద్ద బండి ఎక్కొచ్చట. అమ్మాయి చీటీ చూసింది, పిల్లల్ని చూసింది. ఇప్పుడు పిల్లల్ని అల్లుడికి అప్పగించి తనొక్కతే వెళుతుందని అనుకున్నాను. అదే న్యాయం. అల్లుడు కూడా అదే ఆశతో ముందుకొచ్చి, "నేనుంటాలే పిల్లలతో" అన్నాడు.

"నువ్వు నాతో రా" అంది. నా వైపు చూడకుండా కలెక్టరమ్మ చెయ్యి నా ఎడమ చేతిలో, బుడంకాయ చెయ్యి కుడి చేతిలో పెట్టింది. "పెద్ద బండి దిగేచోట ఉండు నాన్నా. ఎక్కేచోట కాదు."

పోయారు. నేను దారిలో ముగ్గుర్ని అడిగాను, సైగలతో. తెలీదని ఒప్పుకుంటూ అడిగాను. కలెక్టరమ్మ నాలుగోవాణ్ణి కూడా అడిగి నిర్ధారణ చేసుకుంది. దిగేచోట ఇనప కమ్మీ పక్కన నిలబడ్డాం. బుడంకాయ తలెత్తి, ఆ అరిచేది అమ్మా నాన్నా అని అడిగాడు. అమ్మ నవ్వుతోంది, నాన్న అరుస్తున్నాడు అని కలెక్టరమ్మ తీర్పు చెప్పింది.

సరిగ్గా అదే. పావుగంటకి బయటికొచ్చారు. అమ్మాయి మొహం ఎర్రగా వెలిగిపోతోంది, ముప్పై ఏళ్ళ కిందటి రంగులరాట్నం బాకీ ఎవరో తీర్చేసినట్టు. అల్లుడి మొహంలో ఏ రంగూ మిగల్లేదు. నాలుగడుగులు వేసి, చెత్తడబ్బా పట్టుకుని వంగిపోయాడు. పిల్లల చేతులు అమ్మాయికి అందించి, నేను వెళ్ళి అతని నుదురు పట్టుకున్నాను. సీసాలో నీళ్ళు పుక్కిలించమన్నాను. వీపు రాశాను. పెళ్ళయిన పదేళ్ళలో అతన్ని నేను ముట్టుకోవడం అదే మొదలు. వీపు సన్నగా, చెమటతో తడిసి ఉంది. ఆ నవ్వు కింద ఉన్నది అంతే, నాలాంటి ఒక భయస్థుడు. నా కింది పూత కూడా అదే రంగు. భయపడుతూనే ఆమె కోసం ఎక్కాడు. అది నేను చెయ్యని పని.

"సారీ మామయ్యా" అన్నాడు డబ్బాలోకి.

"మాట్లాడకు. ఊపిరి పీల్చు."

అమ్మాయి పిల్లలతో వచ్చి పక్కన నిలబడింది. అతను కాస్త తేరుకునేదాకా ఆగింది.

"క్రెచ్ ఆవిడకి రేపు నువ్వే ఫోన్ చెయ్యి" అంది అతనితో. "ఒకటో తారీఖు నుంచి పిల్లలు రారని చెప్పు. నేను చెబితే ఆవిడ వాదిస్తుంది."

అతను తల ఎత్తలేదు. సరేనన్నట్టు ఒక చెయ్యి గాల్లో ఊపి, మళ్ళీ వంగాడు. నేను వీపు రాస్తూనే ఉన్నాను.